జైలు గేటుకూ ఇంటి గడపకూ నడుమ

జైలు నుంచి విడుదలై ఎటు వెళ్లాలో తెలియని మగవాళ్లను రెండు మూడు నెలలు తమ దగ్గర ఉంచుకుని పంపుతున్న ఒక విశ్రాంత దంపతుల గురించి, ఊరి పేరు చెప్పకుండా, గత నెల ఈ శీర్షికలో పది వాక్యాలు రాశాను. ఆ పది వాక్యాలకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య ఏ విషయానికీ రాలేదు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు, ఒకరిద్దరు తామే అలాంటి ఇల్లు తెరుస్తామన్నారు. ఆ దంపతులు తమ ఇంటిని ‘మజిలీ’ అంటారు. హోము, కేంద్రం, పునరావాసం అన్న మాటలకన్నా నాకు అదే నచ్చింది కాబట్టి ఇక్కడ కూడా ఆ మాటే వాడుతున్నాను. ఈ రెండు జిల్లాల్లో ప్రొబేషన్ అధికారిగా, అంటే జైలుకు పంపకుండా కోర్టు షరతుల మీద వదిలినవాళ్లను కనిపెట్టి ఉండే ఉద్యోగిగా, చాలా కాలం పనిచేసినవాణ్ని కావడంతో కొన్ని జవాబులు పొడుగయ్యాయి, మన్నించాలి.

ప్రశ్న: మా వీధి చివరి ఇంటిని జైలు నుంచి వచ్చినవాళ్ల కోసం ఒకాయన అద్దెకు తీసుకున్నారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఇల్లు ఖాళీ చేయించమని వీధిలోవాళ్లంతా కలెక్టరుగారికి అర్జీ పెడుతున్నారు. నేను సంతకం పెట్టాలా, వద్దా?
— ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, మీ భయం సహజమైనది, దానికి మీరు సిగ్గుపడనక్కర్లేదు. అయితే సంతకానికి ముందు ఒక విషయం తెలుసుకోండి. 2022 చివరి నాటికి మన దేశంలోని జైళ్లలో దాదాపు 5.73 లక్షల మంది ఉంటే, వారిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలు, అంటే నేరం రుజువు కానివాళ్లు. జైలు గేటు దాటి బయటికి వచ్చే ప్రతి మనిషినీ శిక్ష పడ్డవాడిగా లెక్కవేయడం మనకు అలవాటైపోయింది గాని, నిజం అలా లేదు. రెండో విషయం ఏమిటంటే, అర్జీ పెడితే ఇల్లు పోతుంది గాని మనుషులు పోరు. ఆ నలుగురైదుగురు కావలి రైల్వే స్టేషన్ అరుగు మీదో, బస్టాండు వెనకో పడుకుంటారు. రాత్రి ఎన్నింటికి వచ్చారు, పొద్దున ఎటు వెళ్లారు అని చూసే మనిషి అక్కడ ఉండడు.

నేను మీ స్థానంలో ఉంటే ముందుగా ఆ ఇల్లు నడిపే ఆయన దగ్గరికి వెళ్లి మూడు సంగతులు అడుగుతాను. రాత్రిపూట ఇంట్లో నిద్రపోయే బాధ్యత గల మనిషి ఎవరు? అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తేది ఎవరు? మీరు ఎలాంటి వాళ్లను చేర్చుకోరు? మూడో ప్రశ్నకు ఆయన చెప్పే జవాబు అన్నిటికన్నా ముఖ్యం. ‘మేము ఎవరినీ కాదనం, అందరూ దేవుడి బిడ్డలే’ అని ఆయన చేతులు జోడిస్తే అప్పుడు నిజంగా భయపడండి. పసిపిల్లల మీద అఘాయిత్యం చేసి శిక్ష పడ్డవాణ్ని పిల్లలున్న వీధిలో ఉంచకూడదని, తాగుడు మానని వాణ్ని ముందు వైద్యానికి పంపాలని, పక్క వీధిలోనే ఎదుటి పక్షంవాళ్లున్న మనిషిని ఇంకో ఊరికి పంపాలని తెలిసినవాడే ఈ పనికి తగినవాడు. కాదనడం రానివాడు ఈ ఇల్లు నడపలేడు.

న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఫార్చ్యూన్ సొసైటీ అనే సంస్థ 2002లో విడుదలైనవాళ్ల కోసం ఒక పెద్ద భవనం తెరిచినప్పుడు అక్కడి ఇరుగుపొరుగు కూడా గట్టిగానే వ్యతిరేకించారు. నడిపేవాళ్లు వాళ్లతో మాటలు తెంచుకోకుండా సాగించబట్టే ఆ భవనం నిలబడింది. మీ వీధిలో ఆయన ఇంకా ఎవరింటికీ వెళ్లి పలకరించలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. అది ఆయన తప్పే. మీరు వెళ్లినప్పుడు ఆ మాట కూడా చెప్పండి. సంతకం సంగతి ఆ తర్వాత మీ ఇష్టం.

ప్రశ్న: మా తాతగారు కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటులో పుట్టారు. రోజూ హాజరు వేయించుకోవాల్సి వచ్చేదని చెప్పేవారు. మీరు మెచ్చుకున్న మజిలీ కూడా మర్యాదగా పేరు మార్చిన సెటిల్‌మెంటే కదా?
— ఒక ఉపాధ్యాయుడు, బోగోలు మండలం

జవాబు: అయ్యా, మీ ప్రశ్న నన్ను గుచ్చింది, గుచ్చాలి కూడా. తెల్లవాళ్ల ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం, ఆ తర్వాత 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. మీ తాతగారివంటి వాళ్లకు పుట్టుకే నేరమైంది. అలా ముద్ర వేసిన తెగలవాళ్లను నిఘాలో కట్టడి చేసి ఉంచిన ఊళ్లే సెటిల్‌మెంట్లు. స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు, కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషనుకు అప్పగించారు. వాటిని నడిపినవాళ్లలో బడి పెట్టినవాళ్లు, పని నేర్పినవాళ్లు, నిజంగానే మేలు చేస్తున్నామని నమ్మినవాళ్లు ఉన్నారు. కానీ పాసు లేకుండా పొలిమేర దాటే హక్కు లోపలివాళ్లకు లేదు కాబట్టి, ఆ మేలంతా జైలులో పెట్టిన అన్నం వంటిదే అయింది. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. మచ్చ మాత్రం చట్టంతోపాటు రద్దు కాలేదని మీకు నేను చెప్పనక్కర్లేదు.

అందుకే ఏ మజిలీని చూసినా నేను మొదట చూసేది ఒక్కటే: లోపలున్న మనిషి ‘నేను వెళ్లిపోతాను’ అంటే చెప్పులేసుకుని వెళ్లిపోగలడా, లేదా? వెళ్లిపోగలిగితే అది ఇల్లు, లేకపోతే మీరన్నదే నిజం. గుర్రం జాషువా గారి కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970లలో స్టూవర్టుపురంలో సంస్కరణ పని మొదలుపెట్టినప్పుడు వాళ్ల చేతిలో పాసుపుస్తకం గాని, హాజరుపట్టీ గాని లేవు. ఎవరినీ ఆపే అధికారం లేకుండానే వాళ్లు ఆ మనుషుల మధ్యకు వెళ్లారు. ఇప్పుడు మజిలీలు నడిపేవాళ్లు సెటిల్‌మెంటు దొరలను వదిలి ఈ ఇద్దరినీ గుర్తుపెట్టుకుంటే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను ఉద్యోగ విరమణ చేశాను. ఒంగోలులో నాలుగు గదుల పాత ఇల్లు ఉంది. బోరు వేయించాను, గచ్చు మార్పించాను, స్వర్గస్థురాలైన నా భార్య పేరున పాలరాతి ఫలకం కూడా చెక్కించాను. పదిహేను మందికి ఆశ్రయం ఇవ్వాలని సంకల్పం. ఏ అనుమతులు కావాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అయ్యా, మీరు రాసిన రెండు పేజీలలో పేజీన్నర ఇంటి గురించే ఉంది. అర్ధరాత్రి పన్నెండింటికి తలుపు తట్టినప్పుడు లేచి తీసే మనిషి ఎవరో మాత్రం ఒక్క వాక్యంలోనూ లేదు. అనుమతుల సంగతి చెప్పి మళ్లీ అక్కడికే వస్తాను.

సంస్థగా నడపాలంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురూ మీ బావమరదులే కాకుండా చూసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను ఎంత జాలి కలిగినా చేర్చుకోకండి. పిల్లల సంరక్షణ గృహానికి 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం వేరే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మానసిక వైద్యం, మద్యం మాన్పించడం లాంటివి ఇంట్లో పెట్టుకుంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తారు. అవసరమైన మనిషిని ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం వేరు, ఇంట్లోనే వైద్యశాల పెట్టడం వేరు. రాత్రి బయటినుంచి గొళ్లెం పెట్టడం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా అక్రమ నిర్బంధమే, భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షను ప్రకారం నేరమే.

పోలీస్‌ స్టేషనుకు మొదటి వారంలోనే రాతపూర్వకంగా తెలియజేసి, రశీదు తీసుకోండి. దాచి నడిపిన ఇల్లు మొదటి పుకారుకే మూతపడుతుంది. అలాగని వేళాపాళా లేకుండా తలుపు కొట్టనివ్వకండి. పాత నేరస్థుడనే పేరుతో అర్ధరాత్రి ఇళ్లకు వచ్చి తనిఖీ చేయడం చెల్లదని ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. పగలు రమ్మనండి, వచ్చినప్పుడు కుర్చీ వేయండి. ఇంకొకటి: శిక్ష తగ్గించి విడుదల చేసినవాళ్ల ఉత్తర్వులో షరతులు ఉంటాయి. వాటిని మీరితే ప్రభుత్వం ఆ విడుదలను రద్దు చేసి మళ్లీ లోపలికి పంపవచ్చు. కాబట్టి చేర్చుకున్న రోజే ఆ కాగితాన్ని అతని పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించండి. చాలామంది దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటారే గాని చదవరు.

పని విషయంలో మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. ఒంగోలు చుట్టుపక్కల మనుషులకు కొరత ఎప్పుడూ ఉంటుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల నుంచి, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల నుంచి మేస్త్రీలు వస్తారు. ‘ఇద్దరిని ఇవ్వండి సార్, అడ్వాన్సు మీకే ఇస్తాం’ అంటారు. ఆ అడ్వాన్సు మీరు తీసుకున్న క్షణం నుంచి మీ ఇల్లు మజిలీ కాదు, మనుషుల కొట్టు. అప్పు పేరుతో మనిషిని పనికి కట్టేయడాన్ని 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించింది. పనికి వెళ్లినవాడి కూలి అతని బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఏటీఎం కార్డు, ఆధారు అతని దగ్గరే ఉండాలి. ‘పోగొట్టుకుంటాడని మేమే దాచాం’ అనే మాట చాలా చోట్ల విన్నాను. విన్న ప్రతిచోటా ఏదో ఒక తగాదా వచ్చింది.

ఇక ఫలకం. చెక్కించిన ఫలకంలో మీ శ్రీమతిగారి పేరు కింద ‘విడుదలైన ఖైదీల ఆశ్రయ గృహం’ అని ఉందని రాశారు. పేరు ఉంచి ఆ కింది వరుస కొట్టేయించండి. మీ ఇంట్లో ఉన్నన్నాళ్లు ఆ మనుషులకు అదే చిరునామా. బ్యాంకులో, పనికి కుదిరేచోట, కూతురి సంబంధం మాట్లాడుకునేచోట వాళ్లు ఆ చిరునామానే చెప్పుకోవాలి.

ఇప్పుడు తలుపు తీసే మనిషి దగ్గరికి వస్తాను. లాస్ ఏంజెలిస్‌లో సూసన్ బర్టన్ అనే ఆవిడ, తానే పలుమార్లు జైలుకు వెళ్లి వచ్చిన మనిషి, 1998లో ఒక చిన్న ఇల్లు సంపాదించి, జైలు నుంచి వచ్చే ఆడవాళ్ల కోసం బస్‌స్టేషన్‌లో ఎదురుచూసి వెంటబెట్టుకుని తీసుకొచ్చేది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1971లో మొదలైన డెలాన్సీ స్ట్రీట్‌లో ముందొచ్చినవాళ్లే వెనకొచ్చినవాళ్లకు పని నేర్పుతారు. మన దగ్గర కేరళలో, జైళ్లలో పనిచేసే క్రైస్తవ స్వచ్ఛంద సేవకులు త్రిశూరు దగ్గర విడుదలైనవాళ్లకు ఆశ్రమం నడిపారు. ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 1990 నుంచి ‘ప్రయాస్’ పేరుతో ఈ పని చేస్తోంది. వీటి మధ్య మతంలోనూ డబ్బులోనూ పోలిక లేదు గాని, ఈ పనినే పూర్తికాలపు పనిగా పెట్టుకున్న మనుషులు అన్నిచోట్లా ఉన్నారు.

కాబట్టి మీ బడ్జెట్టులో మొదటి పద్దుగా ఇద్దరి జీతాలు రాయండి. ఒక్కరిని పెడితే ఏడాదిలోపే అలసి వెళ్లిపోతారు. ఆ ఇద్దరిలో ఒకరు లోపలినుంచి వచ్చి నిలదొక్కుకున్న మనిషైతే మరీ మంచిది. అతనికి మీరిచ్చేది దానం కాదు, అతనికి తెలిసిన పని మీకు తెలియదు కాబట్టి ఇచ్చే జీతం. పదిహేను మంది అన్నది మరిచిపోయి ముగ్గురితో మొదలుపెట్టండి. వెళ్లిపోవాల్సిన తేదీని చేరిన రోజే క్యాలెండరు మీద అతని చేతే గుర్తు పెట్టించండి. అవసరమైతే ఆ తేదీని జరపవచ్చు, కానీ తేదీ అంటూ లేకుండా ఉంచకండి. ఈ లోపు ఒకసారి జిల్లా ప్రొబేషన్ అధికారిని, జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి. వాళ్లే రేపు మీకు మనుషులను పంపేది.

ప్రశ్న: మా అన్న ఒక మనిషి చనిపోయిన కేసులో పదకొండేళ్లు శిక్ష అనుభవించి మూడు వారాల కిందట వచ్చాడు. లైటు ఆర్పితే నిద్రపోడు. తెల్లవారుజామునే దుప్పటి మడిచి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఎవరితోనూ మాట్లాడడు, పిల్లలు భయపడుతున్నారు. మీరు రాసినలాంటి హోములో వదిలేద్దామని మావారు అంటున్నారు. వదిలేస్తే పాపం కాదా?
— ఒక చెల్లెలు, గూడూరు

జవాబు: అమ్మా, మీ అన్నగారు గుమ్మం పక్కన కూర్చునేది లెక్క కోసం. బ్యారక్‌లో రాత్రంతా దీపం వెలుగుతూనే ఉంటుంది, పొద్దున తాళం తీయగానే వరుసగా కూర్చుంటే తలలు లెక్కపెడతారు. పదకొండేళ్లు అలా లేచిన ఒళ్లు మూడు వారాల్లో మారదు. పిల్లలకు ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. కారణం తెలిస్తే పిల్లలు మనకన్నా తొందరగా సర్దుకుంటారు.

గత నెల రాసిన దంపతుల ఇంట్లో నేను చూసింది చెబుతాను. ఆ ఇంట్లో వరండా బల్బు రాత్రంతా వెలుగుతుంది. కొత్తగా వచ్చినవాడు మొదటి వారం ఆ వెలుగు పడేచోట పడుకుంటాడు. తర్వాత ఆ ఇంటావిడ ఏమీ చెప్పకుండా ఆ బల్బు తీసి జీరో బల్బు పెడుతుంది. ఇంకొన్నాళ్లకు అదీ ఆర్పేస్తుంది. ఒకనాడు నా ఎదుటే ఒకాయన్ని కరివేపాకు, పావుకిలో పచ్చిమిరపకాయలు తెమ్మని యాభై రూపాయలిచ్చి పంపింది. ఆయన అరగంటకు వట్టి చేతులతో, నోటు అలాగే మడతపెట్టి పట్టుకుని వచ్చాడు. కొట్టులో అందరూ ఫోను చూపించి సరుకు తీసుకుంటున్నారని, నోటు చెల్లదేమోనని అడగడానికి భయపడి తిరిగి వచ్చానని చెప్పాడు. పెద్దనోట్ల రద్దుకు ముందే, అంటే 2016కు ముందే లోపలికి వెళ్లిన మనిషికి ఆ అనుమానం రావడంలో వింతేముంది? ఆవిడ నవ్వలేదు, జాలీ పడలేదు. చెప్పులేసుకుని ‘పదండి, నేనూ వస్తా’ అని కొట్టుదాకా వెంట వెళ్లి, మాట్లాడే పని మాత్రం ఆయనకే వదిలేసింది. మజిలీ నడపడమంటే ఎక్కువ రోజులు ఇదే పని. ఉపన్యాసాలు, ధ్యానం, కుట్టుమిషన్లు అన్నీ దీని తర్వాతే.

మీ ప్రశ్నకు వస్తే, వదిలేయడం తప్పే, కొన్నాళ్లు ఉంచడం తప్పు కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఒప్పుకునే చోట చేర్చి, ప్రతి ఆదివారం పిల్లలతో సహా వెళ్లండి. ములాఖత్‌కు వెళ్లినట్టు పావుగంట నిలబడి రాకుండా, అక్కడే కూర్చుని కలిసి భోంచేసి రండి. మూడో వారం నుంచి ఆయన్నే ఆదివారం మీ ఇంటికి బస్సులో రమ్మనండి. మరో సంగతి మీరు రాయలేదు గాని అడగక తప్పదు. చనిపోయినవారి కుటుంబం మీ ఊళ్లోనే ఉందా? ఉంటే మాత్రం మీ అన్నగారు ఇప్పుడే అక్కడ ఉండడం వాళ్లకూ ఆయనకూ మంచిది కాదు. అలాంటప్పుడు నడుమ ఒక మజిలీ, ఆ తర్వాత వేరే ఊళ్లో పని అనుకోవడమే వివేకం. ఆ కుటుంబం దుఃఖానికి ఇంకా పదకొండేళ్లే అయింది.

ప్రశ్న: విడుదలైనవాళ్లకు ఓటు ఉంటుందా? రేషన్ కార్డు, పింఛను సంగతి ఏమిటి? ప్రభుత్వమే ఈ ఇళ్లు ఎందుకు నడపదు?
— ఒక విద్యార్థి, కందుకూరు

జవాబు: జైలులో ఉన్నన్నాళ్లే ఓటు వేయకూడదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షను చెబుతోంది. బయటికి వచ్చాక ఓటు ఉంటుంది, జాబితాలో పేరు ఉందో లేదో చూసుకోవాలి. రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడినవాళ్లు విడుదలయ్యాక ఆరేళ్లదాకా ఎన్నికల్లో పోటీ మాత్రం చేయలేరు. రేషన్ కార్డులో పేరు పోయి ఉంటే సచివాలయానికి వెళ్లి మళ్లీ చేర్పించుకోవాలి. దానికి ఆధారు, ఆధారుకు చిరునామా, చిరునామాకు ఇల్లు కావాలి. మజిలీ నడిపేవాళ్ల కాలం సగం ఈ చక్రంలోనే తిరుగుతుంది.

ప్రభుత్వం మాటకు వస్తే, విడుదల తర్వాతి సంరక్షణ గురించి ఎం.ఎస్. గోరే అధ్యక్షతన 1954లోనే ఒక కమిటీ వేశారు. జైళ్ల సంస్కరణలపై 1980 నుంచి 83 దాకా జస్టిస్ ముల్లా కమిటీ కూర్చుంది. 2016 నమూనా జైలు మాన్యువల్‌లోనూ, 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టంలోనూ ఈ సంరక్షణ ఉంది. జైళ్లు రాష్ట్రాల జాబితాలోని విషయం కాబట్టి కాగితం ఢిల్లీలో పుడుతుంది, పని ఇక్కడ జరగాలి. ఆడవాళ్లకు మాత్రం, ఇంతకుముందు స్వధార్ గృహాలుగా ఉండి ఇప్పుడు శక్తి సదన్‌లుగా మారిన చోట్ల, అయినవాళ్లెవరూ లేక జైలు నుంచి వచ్చినవాళ్లకు చోటివ్వాలని పథకంలోనే ఉంది. ఇలాంటి ఇళ్లకు ఇంగ్లీషులో వాడే హాఫ్‌వే హోమ్ అనే మాట మన చట్టాల్లో కనిపించేది మానసిక ఆరోగ్య చట్టంలో. అందుకే ఆ పేరుతో వెతికితే మీకు వేరే సంస్థలు దొరుకుతాయి.

ఈ సందర్భంలో ఇంకో ముక్క. బెయిలు వచ్చినా పూచీకత్తు సొమ్ము లేక, శిక్ష పూర్తయినా జరిమానా కట్టలేక లోపలే ఉండిపోయే పేదల కోసం 2023లో కేంద్రం ఒక పథకం పెట్టింది. పెట్టినప్పుడు దాని కింద బెయిలుకు 40,000 రూపాయల దాకా, జరిమానాకు 25,000 దాకా ఇస్తామన్నారు. న్యాయసేవాధికార సంస్థల ఉచిత ఫోను నంబరు 15100. మీ ఊళ్లో ఎవరికైనా అవసరమైతే చెప్పండి.

ప్రశ్న: నెల్లూరులో ఆడవాళ్ల హోములో రెండేళ్లుగా మేట్రన్‌గా ఉన్నాను. జైలు నుంచి వచ్చినవాళ్లూ, ఇతరులూ కలిపి పన్నెండు మంది. నేను ఎంతో నమ్మిన ఒకామె మరొకామె కమ్మలు, నాలుగు వేల రూపాయలు తీసుకుని రాత్రికి రాత్రి వెళ్లిపోయింది. కమిటీవాళ్లు నన్నే తప్పుపట్టారు. అప్పటినుంచి అందరి పెట్టెలూ రోజూ వెతుకుతున్నాను, నిద్ర పట్టడం లేదు. మానేయమంటారా?
— పేరు రాయని సోదరి

జవాబు: అమ్మా, ఈ సంచికలో నేను అందరికన్నా ముందు చదివిన ఉత్తరం మీదే, జవాబు ఆఖరున రాసినా.

కమ్మలు పోయినామె ఫిర్యాదు చేయాలనుకుంటే చేయనివ్వండి, మీరు వెంట వెళ్లండి. హోము పరువు పోతుందని కమిటీ ఆపితే మీరు ఆ మాటకు లొంగకండి, ఎందుకంటే జైలు నుంచి వచ్చిన ఆడమనిషికి కూడా తన సొమ్ము పోయిందని చెప్పుకునే హక్కు ఉందని నేర్పాల్సింది మీ ఇంట్లోనే. పెట్టెలు వెతకడం మాత్రం ఇవాళే మానండి. వెళ్లిపోయింది ఒకరు, రోజూ శిక్ష అనుభవిస్తున్నది పదకొండు మంది. పైగా పెట్టె వెతికే చెయ్యి ఎలా ఉంటుందో వాళ్లకు బాగా తెలుసు, ఆ చెయ్యి మీది కాకూడదు. కావాలంటే కమిటీచేత పదకొండు చిన్న తాళాలు కొనిపించి, తాళంచెవులు వాళ్లకే ఇవ్వండి.

ఇక మీ సంగతి. మీ ఉత్తరంలో ఎక్కడో మధ్యలో, అసలు విషయం కానట్టు, ‘ఈ రెండేళ్లలో సంక్రాంతికి కూడా ఇంటికి వెళ్లలేదు’ అని రాశారు. నా దృష్టిలో కమ్మలకన్నా అదే పెద్ద విషయం. పన్నెండు మందిని రాత్రీ పగలూ ఒక్క మనిషి చూసుకోవాలనడం ఆ కమిటీ చేసిన తప్పు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు, ఆ రోజుకు బదులు మనిషి, ఏడాదికి రెండుసార్లు వరుసగా వారం రోజుల సెలవు కావాలని రాసి ఇవ్వండి. నోటితో చెబితే ‘సరేనమ్మా చూద్దాం’ అంటారు, కాగితం మీద పెడితే జవాబు చెప్పాలి. నెల రోజుల్లో జవాబు రాకపోతే, బాధగా ఉన్నా, మానేయండి. మీరు కూలిపోయాక వాళ్లు ఇంకో మేట్రన్‌ను వెతుక్కుంటారు, మీ నిద్రను మీకు తిరిగి ఇవ్వలేరు.

నమ్మి మోసపోయానన్న బాధ గురించి నాకు తెలిసింది చెబుతాను. ఉద్యోగంలో ఉండగా ఒక పాతికేళ్ల కుర్రాడి తరఫున కోర్టుకు గట్టిగా నివేదిక రాసి, ప్రొబేషన్ మీద బయటికి తెప్పించాను. ఏడు నెలలకు అతను మళ్లీ దొంగతనంలో పట్టుబడ్డాడు. చూడటానికి వెళ్తే మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు. కొన్నాళ్లపాటు నేను రాసిన ప్రతి నివేదికలోనూ ఒక వాక్యం గట్టిగా రాయబోయి మెత్తగా రాశాను, దానివల్ల ఏ సంబంధమూ లేని ఇద్దరు ముగ్గురికి అన్యాయం జరిగి ఉంటుందని ఇప్పటికీ అనుమానం. మీరు పెట్టెలు వెతకడం కూడా అలాంటిదే కాబట్టి చెబుతున్నాను.

ప్రశ్న: ఇలాంటి ఇళ్లకు ఏమైనా పంపాలని ఉంది. పాత బట్టలు తీసుకుంటారా?
— ఒక పాఠకురాలు, సింగరాయకొండ

జవాబు: పాత బట్టలు వద్దమ్మా. జైలు నుంచి వచ్చిన మనిషి పనికోసం నలుగురి ముందు నిలబడాలి. వేరేవాళ్ల కొలతల చొక్కాలో అతను మరింత కుంచించుకుపోతాడు. డబ్బు ఇస్తే రశీదు అడగండి. వస్తువులే ఇవ్వాలనుకుంటే ముందు ఫోను చేసి ఏం కావాలో కనుక్కోండి. నేను అడిగినప్పుడు ఆ దంపతులు చెప్పినవి బటన్ల ఫోను, రైతుబజారు సంచి, రేజర్లు, దగ్గరి చూపుకు కళ్లద్దాలు. నలభై దాటి లోపలే ఏళ్లు గడిపినవాళ్లలో చాలామంది అక్షరాలు ఆనక, చదువు రాదని చెప్పి తప్పించుకుంటారట. కంటి పరీక్షకు ఒకరిద్దరిని మీరే వెంట తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది. చెప్పులు పంపేటట్టయితే మాత్రం సైజులు అడిగి పంపండి. పోయిన ఏడాది ఎవరో పుణ్యాత్ములు పదమూడు జతలు పంపితే అన్నీ తొమ్మిదో నంబరేనట, ఇంకా అటక మీదే ఉన్నాయి.